కొత్త గణిత ఫలితాలపై ఆన్‌లైన్ ఉపన్యాసాలు: ఎలా ఎంచుకోవాలి, ఎలా వినాలి

దశాబ్దాల తరబడి తెగని గణిత ప్రశ్నలు కొన్ని గత పన్నెండు, పదమూడేళ్లలో ఒకదాని వెంట ఒకటి తేలాయి. వాటిని తేల్చినవారే బోర్డు ముందు నిలబడి తమ నిరూపణను వివరించిన ఉపన్యాసాలు ఇప్పుడు ఎవరైనా రుసుము లేకుండా వినవచ్చు. ఒకప్పుడు ఆ గదిలో కూర్చోగలిగిన కొద్దిమందికి మాత్రమే దక్కిన అవకాశమిది. అయినా గణితంపై నిజమైన ఆసక్తి ఉన్నవారు కూడా ఇలాంటి వీడియోను తెరిచి, పది పదిహేను నిమిషాలకే దారి తప్పి, ఇది మనకు అందేది కాదని మూసేయడం చూస్తుంటాం. లోపం వారి తెలివిలో లేదు, వినే పద్ధతిలో ఉంది. కళాశాల తొలి ఏళ్ల గణితం గుర్తున్నవారు ఈ ఉపన్యాసాల నుంచి ఎంతో కొంత గట్టిగా చేజిక్కించుకోవడానికి ఏమేం చేయాలో వరుసగా చెబుతాను.

ముందుగా లక్ష్యాన్ని సరిగ్గా పెట్టుకోండి. గంట ఉపన్యాసంతో నిరూపణ మొత్తం అర్థం కాదు, ఆ విభాగానికి చెందని గణితవేత్తలకు కూడా కాదు. ఉపన్యాసం ముగిసేసరికి మీ చేతిలో మూడు విషయాలు ఉంటే చాలు: ఫలితం ఏమి చెబుతోందో మీ సొంత మాటల్లో ఒక వాక్యం, దాని అతి చిన్న సందర్భం ఒకటి మీరే కాగితం మీద సరిచూసిన లెక్క, ఇన్నాళ్లూ ఎందుకు సాగలేదో, ఇప్పుడు ఏ ఆలోచనతో సాగిందో తెలిపే రెండు మూడు వాక్యాలు. కింద చెప్పిన ప్రతి పనీ ఈ మూడింటి కోసమే.

మొదటి పని: వీడియోను కాదు, ఫలితాన్ని ఎంచుకోవడం

వెతుకులాటలో ముందు కనబడిన వీడియోతో మొదలుపెట్టకండి. మీకు తెలిసిన మాటల్లోనే చెప్పగలిగే ఫలితాన్ని ముందు ఎంచుకుని, ఆ తర్వాత దానిపై ఉపన్యాసాలు వెతకండి. అటువంటివి తక్కువేమీ కాదు. తేడా 7 కోట్లకు మించని ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయని 2013లో యిటాంగ్ జాంగ్ నిరూపించారు. ఎనిమిది పరిమాణాల్లో (డైమెన్షన్లలో) సమాన గోళాలను అత్యంత దట్టంగా పేర్చే విధానమేదో 2016 మార్చిలో మరీనా వియాజొవ్‌స్కా తేల్చారు. ఆ తర్వాత వారం రోజుల్లోనే మరో నలుగురితో కలిసి 24 పరిమాణాలకూ అదే పని చేశారు. తలాన్ని మొత్తం కప్పగలిగినా, ఎలా పేర్చినా ఒకే క్రమంలో పునరావృతం కాని పలక ఆకారం ఒకటి 2023లో బయటపడింది. పదమూడు భుజాలున్న ఆ ఆకారాన్ని మొదట గుర్తించిన డేవిడ్ స్మిత్ వృత్తిరీత్యా గణితవేత్త కారు, ఇష్టం కొద్దీ ఆకారాలతో ఆడుకునే వ్యక్తి. దీనిపై ఉపన్యాసం వినేముందు ఆ పలకను ఇరవై ముప్పై కాగితం ముక్కలుగా కత్తిరించి పేర్చి చూస్తే, ఉపన్యాసకుడు దేని గురించి కష్టపడుతున్నాడో వేళ్లకే తెలుస్తుంది.

దీనికి భిన్నంగా, 2024లో వెలువడిన జ్యామితీయ లాంగ్‌లాండ్స్ నిరూపణను ఇప్పటికి పక్కన పెట్టండి. తొమ్మిదిమంది గణితవేత్తలు ఐదు పత్రాల్లో, ఎనిమిది వందలకు పైగా పేజీల్లో పూర్తిచేసిన ఆ పని మహత్తరమైనదే. కానీ అందులో ఫలితాన్ని చెప్పే వాక్యాన్ని చదవడానికే కొన్నేళ్ల చదువు కావాలి.

వాక్యం తేలికగా ఉన్నంత మాత్రాన నిరూపణ తేలిక కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. సూదిని అన్ని దిక్కులకూ పెట్టడానికి వీలయ్యే ఆకారం ఎంత చిన్నదిగా ఉండగలదన్న త్రిపరిమాణ కకేయా ప్రశ్నపై హాంగ్ వాంగ్, జాషువా జాల్ 2025 ఫిబ్రవరిలో వెలువరించిన పత్రం 127 పేజీలు. ప్రశ్నను మాత్రం అన్ని దిక్కులకూ తిరిగే సూది బొమ్మతో పిల్లలకు కూడా చూపించవచ్చు. అందుచేత మొట్టమొదటి ప్రయత్నానికి వాక్యమూ నిరూపణా రెండూ చిన్నవిగా ఉండే ఫలితం దొరికితే మేలు. నేను సూచించేది 2019లో హావో హువాంగ్ నిరూపించిన సెన్సిటివిటీ ప్రతిపాదన. ఇన్‌పుట్‌లో ఒక్కో బిట్‌ను మార్చినప్పుడు ఒక ఫంక్షన్ విలువ ఎంతగా మారుతుందన్న కొలతను, దాని సంక్లిష్టతకు ఉన్న మిగతా కొలతలతో ముడిపెట్టే ప్రతిపాదన అది. కంప్యూటర్ శాస్త్రంలో 1992 నుంచి తెగని ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు మాత్రికల గురించి తెలిసినవారు ఒక సాయంత్రంలో చదవగలిగేంత చిన్నది. దాన్నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటాను.

రెండవ పని: తగిన ఉపన్యాసాన్ని వెతకడం

ఒకే ఫలితంపై నాలుగు రకాల ఉపన్యాసాలు దొరుకుతాయి, ఇవి ఒకదానికొకటి పోలికే లేనంత వేరు. పరిశోధక సెమినార్ అదే ఉపవిభాగంలో పనిచేసేవారి కోసం. అందులో నేపథ్యం దాదాపు ఉండదు. కొలోక్వియమ్ అన్నది ఒక గణిత విభాగంలోని వారందరి కోసం, కాబట్టి మొదటి మూడోవంతు సాధారణంగా అందరికీ అర్థమయ్యేలా ఉంటుంది. ప్రజా ఉపన్యాసం ఆసక్తి ఉన్న ఎవరి కోసమైనా. నాలుగవది, నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది, ఒకరి ఫలితాన్ని మరొకరు వివరించే ఉపన్యాసం. పారిస్‌లో ఏడాదికి కొన్ని శనివారాల్లో జరిగే బూర్బాకీ సెమినార్ ఈ సంప్రదాయానికి పేరుపొందినది, అయితే అందులో ఎక్కువ ఉపన్యాసాలు ఫ్రెంచిలో ఉంటాయి. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ ఏటా జనవరి సమావేశాల్లో నిర్వహించే కరెంట్ ఈవెంట్స్ బులెటిన్ కూడా ఇటువంటిదే, ఇది ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఈ రెండింటికీ లిఖిత వ్యాసాలు కూడా ఉంటాయి కాబట్టి చదువుతూ వినవచ్చు.

మూల రచయిత ఉపన్యాసంతోనే మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. తొందరపడకండి. సొంత నిరూపణతో ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషికి కొత్తవారికి ఏది కష్టమో కొన్నిసార్లు గుర్తుండదు. దాన్ని బయటి నుంచి నేర్చుకుని వచ్చినవారికి ఆ కష్టం ఇంకా తాజాగా ఉంటుంది. అయితే తాను ఏ దారిలో వెళ్లి ఎక్కడ ఆగిపోయాడో, ఏ ఆలోచన ఎలా తట్టిందో చెప్పగలిగేది రచయిత ఒక్కరే. అందువల్ల ముందు ఒక ప్రజా ఉపన్యాసం లేదా చిన్న వివరణ వీడియో, తర్వాత మరొకరి వివరణ, చివరగా రచయిత ఉపన్యాసం అన్న వరుస బాగా పనిచేస్తుంది.

వెతకవలసిన చోట్లు కూడా కొన్నే. ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ, పారిస్ సమీపంలోని ఐహెచ్ఈఎస్, కేంబ్రిడ్జ్‌లోని ఐజాక్ న్యూటన్ ఇన్‌స్టిట్యూట్, బెర్క్‌లీలో ఒకప్పుడు ఎంఎస్ఆర్ఐగా పిలిచిన ఎస్ఎల్‌మ్యాథ్, బెంగళూరులోని ఐసీటీఎస్ అనే పరిశోధన సంస్థలు తమ ఉపన్యాసాల వీడియోలను అందరికీ తెరిచి ఉంచాయి. నాలుగేళ్లకొకసారి జరిగే అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ 2022లో ఆన్‌లైన్‌లోనే జరిగింది కాబట్టి ఆ ఏటి ప్రధాన ఉపన్యాసాలు అంతర్జాతీయ గణిత సంఘం యూట్యూబ్ చానల్‌లో ఉన్నాయి. గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఏబెల్ బహుమతి సందర్భంగా జరిగే ఉపన్యాసాలలో సాధారణ శ్రోతల కోసం ఉద్దేశించినవి కూడా ఉంటాయి. ప్రత్యక్షంగా వినదలిస్తే రీసెర్చ్ సెమినార్స్ అనే జాబితా చూడండి. అది ప్రపంచంలో పలుచోట్ల జరిగే, అందులో నమోదైన ఆన్‌లైన్ సెమినార్లను మీ సమయానికి మార్చి చూపిస్తుంది. ఉపన్యాసం కింద ఉన్న సారాంశాన్ని తప్పక చదవండి. అందులో సగం మాటలు తెలియకపోతే అది ఈ నెలకు మీది కాదు.

బోర్డు మీద రాసే ఉపన్యాసం, స్లైడ్ల ఉపన్యాసం రెండూ దొరికితే బోర్డునే ఎంచుకోండి. సుద్దముక్క వేగం మనసు వేగానికి దగ్గరగా ఉంటుంది.

మూడవ పని: వినేముందు గంటసేపు కాగితంతో

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే, ఫలితం మొత్తం ఆధారపడినదీ దీనిమీదే. పరిశోధకులు తమ పత్రాలను అందరికీ ఉచితంగా పెట్టే ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో మూల పత్రాన్ని తెరిచి సారాంశాన్ని, పరిచయంలో ప్రధాన సిద్ధాంతం వరకు ఉన్న భాగాన్ని మాత్రమే చదవండి. ఆ తర్వాత సిద్ధాంతాన్ని మీ మాటల్లో రాసుకుని, అది ఏమి చెప్పడం లేదో కూడా పక్కనే రాయండి. జాంగ్ ఫలితాన్నే చూడండి: ప్రతి ప్రధాన సంఖ్య తర్వాత 7 కోట్ల లోపు మరొకటి వస్తుందని అది చెప్పడం లేదు. ఆ మాట అబద్ధం కూడా, ఎందుకంటే వరుస ప్రధాన సంఖ్యల మధ్య ఎడం ఎంత పెద్దదైనా కావచ్చు. అంత దగ్గరి జతలు ఎంత దూరం వెళ్లినా తగులుతూనే ఉంటాయని మాత్రమే ఆ సిద్ధాంతం చెబుతుంది. ఈ తేడా ముందే తెలిసి ఉంటే ఉపన్యాసంలో సగం గందరగోళం ఉండదు.

ఇక చిన్న సందర్భం. సెన్సిటివిటీ ప్రతిపాదనను ఘనం గురించిన ఒక ప్రశ్నగా మార్చవచ్చని ముందే తెలుసు, హువాంగ్ తేల్చినది ఆ ప్రశ్ననే. అందుకే ఆయన సిద్ధాంతం బహుపరిమాణ ఘనం గురించినది. మామూలు ఘనానికి 8 మూలలు. వాటికి 000, 001, 010 మొదలుకొని 111 వరకు పేర్లు పెట్టండి. పేర్లలో ఒకే ఒక్క అంకె తేడా ఉన్న మూలలు పొరుగు మూలలు. ఇప్పుడు 000, 011, 101, 110 అనే నాలుగింటిని ఎంచుకోండి. వీటిలో ఏ రెండూ పొరుగువి కావు. అంటే సరిగ్గా సగం మూలలను, ఎవరికీ పొరుగు లేకుండా, ఎంచుకోవచ్చు. ఐదవదాన్ని చేర్చగానే ఏమవుతుంది? 111ను చేర్చారనుకోండి, దానికి ఒక్కసారిగా ముగ్గురు పొరుగువారు వచ్చారు. అలాకాకుండా ఐదింటిని 000, 001, 011, 111, 110 అని గొలుసులా ఎంచుకుంటే ఎవరికీ ఇద్దరికి మించి పొరుగువారు ఉండరు. ఇద్దరి కంటే కూడా తగ్గించగలమా? ప్రయత్నించి చూడండి, ఎంత తిప్పినా కుదరదు.

సిద్ధాంతం చెప్పేది ఇదే. పరిమాణాల సంఖ్య ఎంతైనా సరే, సగం మూలల కంటే ఒక్కటి ఎక్కువ ఎంచుకుంటే, వాటిలో ఏదో ఒక మూలకు ఎంచుకున్నవాటిలోనే కనీసం పరిమాణాల సంఖ్యకు వర్గమూలమంత మంది పొరుగువారు ఉంటారు. మూడు పరిమాణాలకు వర్గమూలం దాదాపు 1.73 కాబట్టి కనీసం ఇద్దరు; తొమ్మిది పరిమాణాల్లో 512 మూలలకు 257 ఎంచుకుంటే కనీసం ముగ్గురు. ఈ హద్దును పైకి జరపలేమని, అంటే వర్గమూలానికి పై పూర్ణాంకాన్ని మించకుండా ఎంచుకోవడం సాధ్యమేనని, 1988లోనే చుంగ్, ఫ్యూరెడి, గ్రాహమ్, సేమర్ చూపించి ఉన్నారు. కింది హద్దు మాత్రం మూడు దశాబ్దాలు చిక్కలేదు. ఘనంతో ఇలా అరగంట గడిపినవారికి ఉపన్యాసంలో ఆ వాక్యం వినబడినప్పుడు అది పాత పరిచయస్తుడిలా ఎదురవుతుంది.

నాలుగవ పని: రెండుసార్లు, రెండు రకాలుగా వినడం

మొదటిసారి వినేటప్పుడు తొలి పదిహేను నిమిషాలను ఎన్నిసార్లయినా ఆపుతూ వినండి. ఉపన్యాసకుడు ప్రశ్న చరిత్రను, సంకేతాలను, ప్రధాన సిద్ధాంతాన్ని ఆ భాగంలోనే పెడతాడు. కొత్త సంకేతం వచ్చినప్పుడల్లా కాగితం కుడి అంచున దాని అర్థం రాసుకోండి. నలభయ్యో నిమిషంలో దారి తప్పడానికి కారణం చాలాసార్లు కష్టమైన గణితం కాదు, ఐదో నిమిషంలో మరచిన ఒక అక్షరం. ఆ తర్వాత భాగాన్ని మాత్రం ఆపకుండా చివరి వరకు వినండి. అర్థం కాని చోట సమయం మాత్రం గుర్తువేసుకుని ముందుకు సాగండి. ఉపన్యాసం చివరి పది నిమిషాల్లో తరచుగా మళ్లీ తేటగా మాట్లాడతారు, మధ్యలో ఆపేసినవారు దాన్ని కోల్పోతారు.

చెవి ప్రత్యేకంగా పట్టుకోవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ఇంతకుముందు పద్ధతులన్నీ ఇక్కడ ఆగిపోయాయని ఉపన్యాసకుడు అన్న క్షణం మొత్తం గంటకు కీలకం. మీ మూడవ లక్ష్యంలో సగం ఆ వాక్యంలోనే దొరుకుతుంది. ఇది నిరూపిస్తే చాలు అన్నప్పుడు సమస్య మరో సమస్యగా మారిందని గ్రహించి కొత్తదాన్ని రాసుకోండి. చాలినంత పెద్ద సంఖ్యలకు అన్న మాట వస్తే ఫలితం చిన్న సంఖ్యల గురించి హామీ ఇవ్వడం లేదని అర్థం. ఇది అందరికీ తెలిసినదే అని దాటేస్తే చిన్నబుచ్చుకోవద్దు. ఆ విభాగంలోని వారికి తెలిసినదని మాత్రమే దాని భావం, మీరు దాన్ని నమ్మి సాగిపోవచ్చు. యంత్రం తయారుచేసిన ఉపశీర్షికలను పేర్లు, పారిభాషిక పదాల విషయంలో నమ్మకండి, బోర్డు మీద రాసినదాన్నే చూడండి. వేగం పెంచి వినడం ఇలాంటి ఉపన్యాసాలకు పనికిరాదు. చివరి ప్రశ్నల భాగాన్ని వదలకండి. ప్రశ్న సరిగ్గా వినబడకపోయినా జవాబు నుంచి ఊహించవచ్చు, పద్ధతి ఎక్కడివరకు వెళ్లగలదో ఎక్కడ ఆగుతుందో అక్కడే నిజాయితీగా చెబుతారు.

రెండవసారి ఒకటి రెండు రోజుల తర్వాత వినండి, ఈసారి కలం కదులుతూ ఉండాలి. హువాంగ్ నిరూపణలో పని ఇలా సాగుతుంది. ఘనంలో ఏ మూల దేనికి పొరుగో సూచించే మాత్రికను తీసుకుని, అందులోని 1లలో కొన్నింటిని తెలివిగా −1గా మారుస్తారు. మొదటి మాత్రిక 2×2. దాని వికర్ణంలో సున్నాలు, మిగతా రెండు చోట్లా 1లు. తర్వాతి 4×4 మాత్రికలో ఎడమ పై మూల ఆ చిన్న మాత్రికే, కుడి కింది మూల దాని రుణం, మిగిలిన రెండు చోట్లా తత్సమ మాత్రిక. ఇదే తీరున ముందుకు పెంచుకుంటూ పోతారు. ఇక్కడ వీడియోను ఆపి 4×4 మాత్రికను దానితోనే గుణించండి. తత్సమ మాత్రికకు రెండు రెట్లు వస్తుంది. అదే విధంగా ప్రతి పరిమాణంలోనూ వర్గం తత్సమ మాత్రికకు పరిమాణాల సంఖ్యంత రెట్లవుతుంది, కాబట్టి ఐగెన్ విలువలన్నీ ఆ సంఖ్య వర్గమూలమో దాని రుణమో కావాలి. వికర్ణం మొత్తం సున్నా కనుక అవి సగం సగం. ఇక సగం కంటే ఒక్క మూల ఎక్కువ ఎంచుకుని ఆ వరుసలను, నిలువు వరుసలను మాత్రమే ఉంచితే, మిగిలిన చిన్న మాత్రికలో అతి పెద్ద ఐగెన్ విలువ కనీసం వర్గమూలమంత ఉండాలని కోషీ చెప్పిన పాత సిద్ధాంతం చెబుతుంది. ఆ విలువ అత్యధిక పొరుగువారి సంఖ్యను మించడానికి వీలు లేదు. నిరూపణ అయిపోయింది. ముప్పై ఏళ్ల ప్రశ్నకు జవాబు కొన్ని రుణ చిహ్నాల్లో దాగి ఉందని మీ చేతి లెక్కతో తెలుసుకున్నప్పుడు కలిగే ఆనందం వినడంతో మాత్రమే రాదు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

పెద్ద నిరూపణల విషయంలో ఇంత దూరం వెళ్లలేరు. అక్కడ ఒక్క లెమ్మాను (ప్రధాన సిద్ధాంతానికి మెట్టుగా నిరూపించే చిన్న ఫలితాన్ని) ఎంచుకుని దాన్ని మాత్రమే పూర్తిగా పట్టుకోండి.

ఐదవ పని: తేదీని, నిరూపణ స్థితిని చూడడం

ఉపన్యాసం ఏ రోజుదో తప్పక గమనించండి. జాంగ్ చెప్పిన 7 కోట్లు కొద్ది నెలల్లో సామూహిక కృషి వల్ల 4680కి దిగింది. అదే ఏడాది నవంబరులో జేమ్స్ మేనార్డ్ వేరే పద్ధతితో 600కు తెచ్చారు. 2014లో అది 246 అయింది. 2013 వేసవిలో రికార్డయిన ఉపన్యాసంలోని సంఖ్య ఆనాటికి సరైనదే, కానీ మీరు ఇప్పుడు మరొకరికి చెప్పవలసినది అది కాదు.

ఆర్కైవ్‌లో పెట్టినంత మాత్రాన పత్రాన్ని నిపుణులు పరిశీలించి ఆమోదించినట్టు కాదు, ఉపన్యాసమూ అంతే. ఆండ్రూ వైల్స్ 1993 జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో ఫెర్మా చివరి సిద్ధాంతంపై ఉపన్యాసం ముగించినప్పుడు నిరూపణ పూర్తయిందనే అందరూ భావించారు. ఆ తర్వాత పరిశీలనలో లోపం బయటపడింది, రిచర్డ్ టేలర్ సాయంతో దాన్ని సరిదిద్దడానికి 1994 సెప్టెంబరు వరకు పట్టింది. కాబట్టి పత్రానికి ఎన్ని సవరణలు వచ్చాయో, పత్రికలో ప్రచురణ అయిందో లేదో, ఆ రంగంలోని ఇతరులు దానిపై ఉపన్యాసాలు ఇస్తున్నారో లేదో చూడండి; మూడవది అన్నింటికంటే త్వరగా దొరికే సూచన. కొన్ని ఫలితాలను ఇప్పుడు కంప్యూటర్ చేత అక్షరమక్షరమూ సరిచూపిస్తున్నారు. గోవర్స్, గ్రీన్, మానర్స్, టావో 2023 నవంబరులో వెలువరించిన ఒక నిరూపణను లీన్ అనే వ్యవస్థలో దాదాపు మూడు వారాల్లోనే పూర్తిగా సరిచూశారు.

ఆ తర్వాత

రెండవసారి విన్న రోజే, వీడియో, నోట్సు చూడకుండా, అర పేజీ రాయండి: వాక్యం, చిన్న ఉదాహరణ, అడ్డంకి, ఆలోచన. రాయలేకపోయిన చోటే మీకు తెలియని చోటు. తెలియని పదాల జాబితా పొడవుగా ఉంటే అన్నింటి వెంటా పడకండి, ఎక్కువసార్లు వినబడిన ఒక్కదాన్ని ఎంచుకుని పాఠ్యపుస్తకంలో చదవండి. తోడుగా ఇంకొకరు దొరికితే ఒకే వీడియోను విడివిడిగా విని, మొదటి పదిహేను నిమిషాల విషయాన్ని ఒకరికొకరు బోర్డు మీద చెప్పుకోండి.

తర్వాతి ఫలితాన్ని మీకు ఇప్పుడే అలవాటైన పనిముట్టుకు దగ్గరగా ఎంచుకోండి. హువాంగ్ తర్వాత నేను సూచించేది 2016 నాటి క్యాప్ సెట్ ఫలితం. ఏ మూడూ ఒకే గీత మీద పడకుండా ఎంచుకోగల బిందువుల సంఖ్య ఎంత పెద్దది కాగలదన్నది అందులో ప్రశ్న. క్రూట్, లెవ్, పాక్ తెరిచిన దారిలో ఎలెన్‌బర్గ్, గైస్‌వైట్ దాన్ని పూర్తిచేశారు, అదీ చాలా చిన్న నిరూపణే, రేఖీయ బీజగణితంతో పాటు బహుపదులు తెలిస్తే చాలు. వినేముందు చేయవలసిన లెక్క ఇది: 0, 1, 2 అంకెలతో ఏర్పడే 9 జతలను మూడు వరుసలుగా రాయండి. మూడు జతలలో మొదటి అంకెలు మూడూ ఒకటిగానో, మూడూ వేర్వేరుగానో ఉండి, రెండవ అంకెలు కూడా అలాగే ఉంటే, ఆ మూడూ ఒక గీత మీద ఉన్నాయని అనుకోండి. ఒక్క గీత కూడా రాకుండా నాలుగు జతలను ఎంచుకోండి, ఐదు ఎందుకు కుదరదో తేల్చుకోండి, ఆ తర్వాత వీడియోను మొదలుపెట్టండి.